నిప్పు ఆపితే మొలవని పైన్ అడవి

అమెరికా దక్షిణాదిలో వర్జీనియా నుంచి టెక్సాస్ దాకా ఒకప్పుడు దాదాపు 9 కోట్ల ఎకరాల్లో లాంగ్‌లీఫ్ పైన్ అడవులు ఉండేవి. మొదట్లో ఓడలకు కావలసిన తారు కోసం, టర్పెంటైన్ కోసం ఆ చెట్లను వాడుకున్నారు. అంతర్యుద్ధం తర్వాత రైలు పట్టాలు అడవి లోపలికి వెళ్లాయి. దుంగలను లాగే ఆవిరి యంత్రాలు దారిలో ఉన్న లేత చెట్లను కూడా నేలమట్టం చేశాయి. 1930 నాటికి పాత అడవి చాలావరకు పోయింది.

నరికిన చోట మళ్లీ అదే అడవి రావాలి కదా? చాలాచోట్ల రాలేదు. వేరే రకం పైన్లు, ఓక్ పొదలు వచ్చాయి. ఈ చెట్టు తీరే వేరు. గింజ బరువైనది, తల్లిచెట్టుకు దూరంగా పోదు. బాగా కాసే ఏడు ఐదారేళ్లకోసారి, ఒక్కోచోట అంతకన్నా ఆలస్యంగా వస్తుంది. రాలిన గింజకు మట్టి తగలాలి. ఎండుటాకుల మీద పడితే దక్కదు. మొలిచాక కూడా కొన్నేళ్లు కాండం లేవదు. గడ్డిదుబ్బులా నేలను అంటుకుని, లోలోపల తల్లివేరును బలపరుచుకుంటుంది. ఆ వేరంటే పందులకు మహా ఇష్టం. ఊళ్లలో కట్టడి లేకుండా తిరిగే పందులు ఎన్ని మొలకలను పెళ్లగించాయో లెక్కలేదు.

లూసియానాలోని యురేనియాలో హెన్రీ హార్డ్‌నర్ అనే మిల్లు యజమాని తన భూముల్లో యేల్ విశ్వవిద్యాలయం వారి పరిశోధనకు చోటిచ్చాడు. అక్కడ పనిచేసిన హెచ్.హెచ్. చాప్‌మన్ 1926లో ఫలితాలు ప్రచురించాడు. అప్పుడప్పుడు నిప్పు తగలకపోతే ఈ అడవి తిరిగి రాదన్నాడు. నేలబారు మంట ఎండుటాకులను, పోటీ మొక్కలను, తెగులు పట్టిన సూదుల్లాంటి ఆకులను కాల్చేస్తుంది; పొడవాటి పచ్చి సూదుల నడుమ ఉన్న మొగ్గ బతుకుతుంది. ఏడాది నిండని మొలకలకు మాత్రం మంట ప్రమాదమే.

అధికారులు వినలేదు. 1920ల చివర్లో అడవికి నిప్పు పెట్టొద్దంటూ ట్రక్కుల్లో సినిమాలు తీసుకెళ్లి ఊరూరా చూపించారు. పశువుల మేత కోసం ఏటా గడ్డి కాల్చే రైతులను మూర్ఖులుగా చూశారు. ఏటా కాలిస్తే లేత మొలక దక్కదు, నిజమే. అయినా అసలు కాల్చనే వద్దన్నవాళ్లకన్నా ఆ రైతులే సత్యానికి దగ్గరగా ఉన్నారు. ఫెడరల్ అటవీశాఖ దక్షిణాది పైన్ అడవుల్లో అదుపులో పెట్టిన మంటలకు ఒప్పుకున్నది 1943లో.

1947లో అలబామాలో ఎస్కాంబియా ప్రయోగ అడవి మొదలైంది. థామస్ క్రోకర్, విలియం బోయర్ అక్కడ ఒక పద్ధతికి రూపమిచ్చారు. ఒకేసారి నరకకుండా మేలైన విత్తనపు చెట్లను పలచగా ఉంచాలి. కాపు బాగుంటుందని తెలియగానే, గింజ రాలకముందే కింద కాల్చాలి. మొలకలు నిలదొక్కుకున్నాక పెద్దచెట్లు తీసేయాలి. ఇందులో ఓపిక తప్ప పెద్ద ఖర్చేమీ లేదు. ఆ ఓపికే కంపెనీలకు కరవైంది. కాగితపు మిల్లుల కోసం త్వరగా పెరిగే లాబ్లాలీ, స్లాష్ పైన్లను వరుసల్లో నాటుకుంటూ పోయాయి. 1990ల నాటికి లాంగ్‌లీఫ్ సుమారు 30 లక్షల ఎకరాలకు కుంచించుకుపోయింది.

2009లో ప్రభుత్వ శాఖలు, భూ యజమానులు, సంస్థలు కలిసి దాన్ని 80 లక్షల ఎకరాలకు పెంచాలని సంకల్పించారు. విత్తనపు చెట్లు మిగిలిన చోట ఎస్కాంబియా పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. అవీ నరికేసిన చోట నర్సరీ మొక్కలు తెచ్చి చేత్తో నాటాల్సిందే. ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి నిప్పూ పెట్టాల్సిందే.