2005 డిసెంబర్ 13, మంగళవారం

సోమవారం మొదలైన గోల మంగళవారం తెల్లారినా ఆగలేదు. పార్లమెంటులో ప్రశ్న అడగడానికి ఎంపీలు నోట్లు లెక్కపెట్టుకుంటున్న దృశ్యాలను ఆజ్‌తక్ ఛానల్ పన్నెండో తారీఖున బయటపెట్టింది. కోబ్రాపోస్ట్ విలేకరులు రహస్య కెమెరాలతో తీసిన ఆ వ్యవహారానికి ‘ఆపరేషన్ దుర్యోధన’ అని పేరు. దొరికిపోయినవాళ్లు పదకొండు మంది, అందులో పది మంది లోక్‌సభ వాళ్లే. స్పీకర్ సోమనాథ్ చటర్జీ ఆ రోజే స్పందించి, విచారణకు పవన్ కుమార్ బన్సల్ అధ్యక్షతన సంఘం వేశారు. తెల్లారేసరికి ఢిల్లీలో ఎవరి నోట విన్నా అదే మాట. ఎవరు ఎంత తీసుకున్నారు, ఏ పార్టీ వాళ్లు ఎంతమంది, సభ్యత్వం పోతుందా, ఉంటుందా?

దీనికి తోడు అది డిసెంబర్ 13. నాలుగేళ్ల కిందట అదే తేదీన పార్లమెంటు మీద దాడి జరిగింది. భవనాన్ని కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న తొమ్మిది మందికి ఏటా ఆ ఉదయం ఆవరణలో నివాళులర్పిస్తారు. ఒకవైపు ఆ భవనం కోసం చచ్చిపోయిన వాళ్ల ఫోటోలకు పూలు, ఇంకోవైపు ఆ భవనంలో ప్రశ్నలు అమ్ముకున్న వాళ్ల కథలు. అలాంటి పొద్దున కార్యక్రమాల జాబితా చేతికందితే, అందులో కొత్త బిల్లుల వరుస దాకా ఎంతమంది చదివి ఉంటారు?

ఆ వరుసలో గిరిజన వ్యవహారాల శాఖ బిల్లు ఒకటి ఉంది. షెడ్యూల్డ్ తెగల అటవీ హక్కుల గుర్తింపు బిల్లు, 2005.

సభ నడిచే తీరు తెలిసినవాళ్లకు ఈ జాబితా కొత్తేమీ కాదు. ఆ రోజుల్లో పదకొండు గంటలకు ప్రశ్నోత్తరాలు, పన్నెండుకు బల్ల మీద పెట్టాల్సిన కాగితాలు, ఆ తర్వాత జీరో అవర్ గొడవలు. ఆ సందులోనే ఎక్కడో కొత్త బిల్లులు సభ ముందుకు వస్తాయి. మంత్రి లేచి అనుమతి కోరతారు. అధ్యక్ష స్థానంలో ఉన్నవారు సభను అడుగుతారు. మూజువాణి ఓటుతో సభ ఒప్పుకుంటుంది. మంత్రి ప్రవేశపెడుతున్నానని చెప్పి కూర్చుంటారు. ఎవరూ అడ్డం చెప్పకపోతే కప్పు టీ చల్లారేలోపు అయిపోయే పని. చర్చ, సవరణ, ఓటు అన్నీ తర్వాతి సంగతులు.

బిల్లు తెచ్చిన మంత్రి పి.ఆర్.కిండియా, షిల్లాంగ్ ఎంపీ. ఖాసీ కొండల మనిషి. ఆయన పుట్టిన మేఘాలయలో అడవిలో ఎక్కువ భాగం ప్రభుత్వానిది కాదు, వంశాలది, ఊళ్లది. తన కొండల్లో ఎవరూ అడగాల్సిన అవసరం లేని హక్కును మిగతా దేశం కొండలకు ఇప్పించే పని ఆయన చేతికి వచ్చింది. విధి ఆడే ఆటల్లో ఇదొకటి అనిపిస్తుంది నాకు.

*

ఢిల్లీలో ఇది జరుగుతున్నప్పుడు అరకు లోయలో ఏం జరుగుతూ ఉంటుంది? డిసెంబర్ రెండో వారం కదా. పొద్దున ఎనిమిది దాటినా మంచు విడవదు. వాకిట్లో నెగడు చుట్టూ పిల్లలు, ముసలివాళ్లు. అక్టోబర్, నవంబర్‌లలో కొండవాలు నిండా పసుపు పరిచిన వలిసె చేలు పూలు రాల్చి ఎండుకు వస్తాయి. కళ్లంలో చోళ్లు నూర్చాలి, సామలు తూర్పారబట్టాలి. కందికి ఇంకా సమయం ఉంది. కాఫీ తోట ఉన్నవాళ్లు ఎర్రబడ్డ పండు ఎర్రబడ్డట్టు ఏరుకోవాలి. భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జాలు, ఖోండులు, గదబలు అనే తేడా లేదు, ఈ నెలలో కొండమీద ఖాళీ చెయ్యి ఉండదు.

ఆ పంట పండిన నేలలో చాలా భాగం కాగితాల ప్రకారం అడవి. తాత నరికి, కాల్చి, రాళ్లు ఏరి, గట్టు పెట్టిన నేలే. అయినా అటవీశాఖ రికార్డులో రిజర్వు ఫారెస్టు. దున్నేవాడు ఆక్రమణదారు.

ఈ తగాదా నిన్నా మొన్నటిది కాదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు మీద ఆంక్షలు వచ్చాయి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచినప్పుడు ఆ కోపాన్ని రాజేసిన నిప్పుల్లో ఇదొకటి. ఆ దళంలో పోరాడిన గాం మల్లుదొర అండమాన్ జైలు చూసి బతికి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా మొదటి లోక్‌సభలో అడుగుపెట్టాడు. తెల్లవాళ్ల ప్రభుత్వం ద్వీపాంతరం పంపిన కొండమనిషి స్వతంత్ర దేశపు చట్టసభలో కూర్చున్నాడు. పోడు మాత్రం నేరంగానే ఉండిపోయింది.

2002 మే 3న కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ రాష్ట్రాలకు ఒక ఉత్తర్వు పంపింది. అడవుల్లోని ఆక్రమణలన్నీ ఆ సెప్టెంబర్ ఆఖరుకల్లా తొలగించాలని దాని సారాంశం. తర్వాతి రెండేళ్లలో దేశంలో ఖాళీ చేయించిన భూమి దాదాపు లక్షన్నర హెక్టార్లని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పుకుంది. కొన్ని రాష్ట్రాల్లో ఏనుగులతో గుడిసెలు తొక్కించారు. మన దగ్గర అంత ఆర్భాటం కనిపించలేదు. ఇక్కడ వన సంరక్షణ సమితి పేరుతో పోడు చేలో మొక్కలు నాటించే పద్ధతి ముందే ఉంది. చేను పోయినట్టు మొక్కలు మోకాలెత్తు పెరిగాక గాని తెలిసేది కాదు. 2005లోనే రాష్ట్ర ప్రభుత్వం అరకు ప్రాంతపు బాక్సైట్ కోసం జిందాల్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంది. దున్నుకునేవాడికి అడవి, తవ్వుకునేవాడికి ఖనిజం. మంగళవారం బిల్లు వచ్చింది ఇలాంటి ఏడాది చివర్లో.

*

ఆ రోజు సభ ముందుకొచ్చిన బిల్లును మెచ్చుకోవడం కష్టం. అందులో గడువు 1980 అక్టోబర్ 25. అటవీ సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చిన రోజది. అప్పటికి సాగులో ఉన్న భూమికే హక్కు. అంటే పాతికేళ్ల కిందట ఈ వాలు మీద నాగలి తిరిగిందని రుజువు చూపించాలి. కుటుంబానికి రెండున్నర హెక్టార్లు మించకూడదు. షెడ్యూల్డ్ తెగలవాళ్లు కాకుండా అడవినే నమ్ముకున్న మిగతావాళ్లకు అందులో చోటే లేదు. ఇంత కట్టుదిట్టం చేసినా పులుల ప్రేమికులు ఊరుకోలేదు. సరిస్కా అభయారణ్యంలో పులులు మాయమయ్యాయని తేలిన సంవత్సరం అది. ఇంటికి రెండున్నర హెక్టార్ల చొప్పున అడవిని పంచిపెడతారా అని ఇంగ్లిష్ పత్రికల్లో పెద్ద యుద్ధమే నడిచింది.

బిల్లు సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్లింది. అధ్యక్షుడు వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్, పార్వతీపురం ఎంపీ. కురుపాం రాజకుటుంబీకుడు, 1977లోనే ఆ నియోజకవర్గం నుంచి లోక్‌సభకు వెళ్లిన మనిషి. అరకు పేరుతో పార్లమెంటు స్థానం అప్పటికి లేదు. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009లో అరకుకు మొదటి ఎంపీ అయింది కూడా ఆయనే. అప్పుడు ఆయన మీద పోటీ చేసి ఓడింది, అప్పటిదాకా భద్రాచలం ఎంపీగా ఉన్న సీపీఎం నాయకుడు మిడియం బాబూరావు.

సంఘం 2006 మే 23న నివేదిక ఇచ్చింది. అది బిల్లుకు మెరుగులు దిద్దలేదు, తిరగరాసింది. ఇతర సంప్రదాయ అటవీ నివాసులను చేర్చమంది. విస్తీర్ణం మీద పరిమితి ఎత్తేయమంది. హక్కు ఎవరిదో తేల్చడంలో గ్రామసభ మాటకు బలం పెంచమంది. గడువును 1980 నుంచి జరిపి, బిల్లు లోక్‌సభలో ప్రవేశపెట్టిన రోజుకు తెచ్చింది.

నా లెక్కలో ఆ సంఘం చేసిన పనులన్నిటిలోకీ పెద్దది ఈ చివరిదే. ప్రభుత్వం మిగతావాటిని కొంత కోసింది. పరిమితి ఉండాల్సిందేనని నాలుగు హెక్టార్లు, అంటే మన లెక్కలో పదెకరాల లోపు పెట్టింది. గిరిజనేతరులు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉన్నట్టు చూపించాలని మెలిక పెట్టింది. తారీఖు మాత్రం నిలబడింది. 2006 డిసెంబర్ 18న రాజ్యసభ కూడా ఆమోదించాక, 29న రాష్ట్రపతి అబ్దుల్ కలాం సంతకం పడింది. అలా ‘2005 డిసెంబర్ 13’ చట్టం నాలుగో సెక్షన్‌లోకి ఎక్కింది.

ప్రశ్నలు అమ్ముకున్న ఎంపీల మాటేమైంది? రెండు వారాలు తిరక్కుండానే, డిసెంబర్ 23న, పదకొండు మందినీ సభలు బహిష్కరించాయి. వాళ్ల పేర్లు ఇవాళ ఎవరికైనా గుర్తున్నాయా?

*

చట్టం 2007 ఆఖరి రోజున అమల్లోకి వచ్చింది, మర్నాడు నియమాలు వచ్చాయి. ఊరూరా అటవీ హక్కుల కమిటీలు వేశారు. 2008లో కొండల మీదికి దరఖాస్తు ఫారాలు, జీపీఎస్ పరికరాలు ఒకేసారి ఎక్కాయి. చట్టం ఇంగ్లిష్ పేరులోని పొడి అక్షరాలు పట్టుకుని జనం దీన్ని ఆర్వోఎఫ్ఆర్ పట్టా అన్నారు, ఇప్పటికీ అలాగే అంటున్నారు.

సర్వే ఎలా జరిగేదో ఒక్క చేను దగ్గర నిలబడి చూద్దాం. పేరు అక్కర్లేదు, ఇలాంటి చేలు ఏజెన్సీ నిండా ఉన్నాయి. ముందు ముసలాయన, చేతికర్రతో. వెనక సెల్‌ఫోనంత పరికరం పట్టుకుని సర్వే కుర్రాడు. ఆ వెనక ఫారెస్టు గార్డు, కమిటీ పెద్దలు. చేను మూల మూలనా ఆగి కుర్రాడు మీట నొక్కుతాడు. నిట్టనిలువు వాలు. పరికరం ఆకాశం నుంచి చూసినట్టు పరుపు కొలత తీస్తుంది. వాలు మీద ముసలాయన కాళ్లు తొక్కిన నేల అంతకంటే ఎక్కువ. కాగితం మీద చేను చిక్కిపోతుంది. ఆయనకది తెలియదు, కుర్రాడు చెప్పడు.

చివరికి గట్టు మీద కూర్చుని ఫారం నింపుతారు.

‘‘తాతా, ఎప్పట్నుంచి దున్నుతున్నావు?’’

‘‘మా అయ్య నరికిన పోడు బాబూ. నానప్పుడు ఇంత గుంటడిని.’’

‘‘అట్లా రాయకూడదు. 2005 డిసెంబర్ 13 నాటికి నీ సాగులో ఉందా, లేదా?’’

‘‘ఆ రోజేటయింది బాబూ?’’

కుర్రాడి దగ్గర జవాబు లేదు. ఫారంలో అలా ఉంది, అంతే. సభలో మంత్రి లేచారని, మూజువాణి ఓటు పడిందని చెబితే మాత్రం ముసలాయనకు ఒరిగేదేముంది? గార్డు పక్క నుంచి అందుకుంటాడు, ‘‘రుజువేదైనా చూపించు.’’ ముసలాయన కర్రతో చేను నడుమ పనసచెట్టును చూపిస్తాడు. ఇద్దరు మనుషులు చేతులు చాపి పట్టుకున్నా అందని మొదలు.

నిజానికి నియమాలు ఆయన పక్షమే. పదమూడో నియమం ప్రకారం పట్టాదారు పాసు పుస్తకమే తేవాలని లేదు. ఊరిలో పెద్దవాళ్ల వాంగ్మూలం చెల్లుతుంది. గట్లు, చదును చేసిన నేల, బావులు, శ్మశానాలు, దేవుళ్లను కొలిచే చోట్లు అన్నీ సాక్ష్యమే. ఇలాంటివి రెండు ఉంటే చాలు. కానీ ఫైలు గ్రామసభ దాటి డివిజన్ కమిటీకి, కలెక్టర్ ఉండే జిల్లా కమిటీకి చేరేసరికి మాట మారిపోయేది. 2005 నాటి ఉపగ్రహ చిత్రంలో అక్కడ పచ్చగా కనిపిస్తోంది, తిరస్కరించాం! పోడు రైతు చేను రెండేళ్లు బీడు పెడతాడు, మధ్యలో పనస, మామిడి, చింత ఉంచుతాడు. పైనుంచి చూస్తే అడవిలాగే ఉంటుంది మరి.

2011లో కిశోర్ చంద్రదేవ్ కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి అయ్యారు. 2012 సెప్టెంబర్‌లో నియమాలు సవరించి, ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యానికి తోడు మాత్రమే, దాని బదులు కాదని రాయించారు. కారణం కాగితం మీద చెప్పకుండా అర్జీ కొట్టేయకూడదన్నారు. విశాఖ మన్యంలో బాక్సైట్ లీజులు రద్దు చేయాలని గవర్నర్‌కు రాసిందీ ఆ ఏడాదే. 2014లో అరకు ఓటర్లు ఆయన్ని ఓడించారు. 2019లో పార్టీ మారి తెలుగుదేశం తరఫున నిలబడితే మళ్లీ ఓడించారు. రాష్ట్రం విడదీసిన పార్టీ మీద కోపం ఒకసారి, జగన్ గాలి ఇంకోసారి. ఎన్నికల్లో చట్టాలు ఓట్లు తెస్తాయనుకోవడం ఢిల్లీ భ్రమ.

అదే 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, అర్జీ తిరస్కరించిన వాళ్లను అడవి నుంచి పంపించాలని రాష్ట్రాలను ఆదేశించింది. పదిహేను రోజులకు, 28న, తానే ఆపింది. ఆ రెండు వారాలూ తిరస్కరణ కాగితం ఇంట్లో ఉన్న ప్రతి కుటుంబం పెట్టె తీసి చూసుకుంది.

ఇప్పుడు అరకు అల్లూరి పేరుతో ఏర్పడిన జిల్లాలో ఉంది. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో అరకు కాఫీ స్టాల్ తెరిచినప్పుడు పేపర్ల నిండా ఫోటోలు వచ్చాయి. సంతోషమే. ఆ కాఫీలో కొంత, ఒకప్పుడు పోడు కొట్టిన వాలు మీదే పండుతోంది.

పట్టా వచ్చినవాళ్ల ఇళ్లలో ఈమధ్య వేరే లెక్క నడుస్తోంది. ముసలాయన పోయాడు. ముగ్గురు కొడుకులు వేరుపడ్డారు. తండ్రి పేరున ఉన్నది వారసత్వంగా వస్తుంది కానీ చట్టం ప్రకారం అమ్ముకోవడానికి లేదు, ముగ్గురికీ చాలదు. నడిపివాడు పెళ్లయ్యాక, 2009లోనో పదిలోనో, గెడ్డ అవతల ఎకరం కొట్టుకున్నాడు. కంది వేస్తాడు, కిందటేడు నాలుగు వరుసలు మిరియాలు కూడా పాకించాడు. ఆ ఎకరానికి ఎప్పుడు అర్జీ పెడదామన్నా గ్రామ సచివాలయంలో ముందు అడిగేది పేరు కాదు, తారీఖు.