మా అన్న నడిపిన శక్తిమాన్

ప్రత్యేక సంచికకు పాత సంగతి ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. ముప్పై మూడేళ్లు బస్సు డిపోలో డీజిల్ ఇంజన్ల మధ్య గడిపినవాణ్ణి. కాబట్టి ఒక లారీ చరిత్రే వ్రాస్తున్నాను.

పోయిన వేసవిలో మా అన్న కొడుకు వచ్చి, "చిన్నాయనా, తాడిపత్రి బయట షెడ్డులో మిలిటరీ శక్తిమాన్ అమ్మకానికి ఉండాది. అంతా కొత్తగా చేసి పెట్టినారు. ఒకసారి చూసి చెప్పు" అన్నాడు. ఎండిపోతున్న చీనీ తోటలకు నీళ్లు తోలే ట్యాంకరుగా మార్చాలని వాడి ఆలోచన. డబ్బు మాత్రం మా వదిన దాచుకున్నది. కీర్తిశేషుడైన మా అన్న మిలిటరీ డ్రైవరు. 1971 యుద్ధం నాటికి ఆయన చేతిలో ఉన్నది శక్తిమానే.

ఈ లారీ సంగతి నేటి యువకులకు అంతగా తెలియదు. శక్తిమాన్ అంటే వారికి 1997లో మొదలైన టీవీ సీరియలే గుర్తు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో మన సైన్యం చాలావరకు రెండవ ప్రపంచ యుద్ధం నాటి విదేశీ వాహనాలతోనే నెట్టుకొచ్చింది. వి.కె. కృష్ణమీనన్ గారు రక్షణ మంత్రిగా ఉండగా జర్మనీలోని మాన్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1959లో జబల్‌పూర్‌లోని గన్ క్యారేజ్ ఫ్యాక్టరీ నుంచి తొలి శక్తిమాన్ బయటికి వచ్చింది. 1969లో అదే ఊళ్లో వెహికిల్ ఫ్యాక్టరీ ఏర్పడింది. 1990ల మధ్యలో తయారీ ఆగిపోయి, దాని స్థానంలో స్టాలియన్ వంటి లారీలు వచ్చాయి.

దీని గొప్పతనమంతా నాలుగు చక్రాల పట్టులో ఉంది. మామూలు లారీలో ఇంజను బలం వెనుక చక్రాలకే అందుతుంది. వాన పడిన నల్లరేగడిలో అవి తిరిగినకొద్దీ గుంత చేసుకుని కూరుకుపోతాయి. శక్తిమాన్‌లో అవసరమైనప్పుడు ముందు ఇరుసుకు కూడా ఆ బలం కలుపుకోవచ్చు. వెనుక చక్రాలు తోస్తుంటే ముందువి లాగుతాయి. ఇసుకలోనైనా, బురదలోనైనా బండి నిదానంగా ఎక్కి వస్తుంది. మా అన్న సెలవులో వచ్చినప్పుడు పెన్నలోని ఇసుక చూపించి, "నా బండి ఉంటే ఇట్లే దాటిస్తును" అనేవాడు.

షెడ్డుకు వెళ్లి చూశాను. ఆకుపచ్చ రంగు కొత్తది. టైర్లు మంచివే. స్టార్టు చేస్తే ఒక్క తిప్పుకే అందుకుంది. కాని ఆ శబ్దం వేరు. బానెట్టు ఎత్తి చూద్దును గదా, ఇంజను వేరే లారీది! కాగితాలు అడిగితే వేలంపాట రసీదు నకలు ఒకటి చూపారు. దాని మీది ఛాసిస్ నంబరుకూ బండి మీది నంబరుకూ పొంతన లేదు.

అమ్మే ఆయన "ఇది వింటేజ్ బండి, రిజిస్ట్రేషన్ సులభం" అన్నాడు. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే బండికి యాభై ఏళ్లు నిండాలి, అసలు రూపం చెడకుండా ఉండాలి. అలా నమోదైన బండిని వ్యాపారానికి వాడకూడదు. అంటే ఇంజను అసలుదే అయినా ట్యాంకరు తోలి సంపాదించే వీలు లేదు.

ఈ మాట చెబితే మావాడి ముఖం చిన్నబోయింది. నాకూ బాధ కలిగింది. వాడికి కావలసింది నీళ్ల బండే కాదు, నాయన బండి కూడా.

మరునాడు వదినే చూస్తానంటే తీసుకెళ్లాను. నలభై ఏళ్లు ఆ లారీ కబుర్లు వినిందే గాని ఎన్నడూ చూసి ఎరుగదు. మెట్టు మీద చేయి ఉంచి, "ఇంత ఎత్తా! ఆయన ఎట్లెక్కుతాండెనో" అంది. కాసేపు నిలబడి చూసి, ఇంటికి పోదామంది. డబ్బు బ్యాంకులోనే ఉంది.

సభ్య మిత్రులకు నా మనవి. పింఛను డబ్బుతోగాని, పిల్లల కోసంగాని పాత బండి కొనదలిస్తే రంగు చూసి మురిసిపోకండి. ముందు ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కాగితాలతో సరిచూసుకోండి. నన్ను పిలిస్తే వచ్చి చూసిపెడతాను. టీ ఇప్పిస్తే చాలు.