బండికట్టు నుండి మోటారు చక్రము వరకు

మన విశ్వబ్రాహ్మణ కులమునందు మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులను పేర పంచవృత్తులు ప్రసిద్ధములు. వీనిలో రెండు వృత్తులు చేయి కలిపిననే గాని పుట్టని వస్తువొకటి కలదు. అది బండిచక్రము. వడ్రంగి లేనిదే దానికి దేహము లేదు. కమ్మరి లేనిదే దానికి బంధము లేదు. నేడు బాల్కొండమీదుగా పోవు 44వ జాతీయ రహదారిపై రేయింబవళ్లు పరుగిడు మోటారులను జూచి, ఆ చక్రములతో మనకేమి సంబంధమని మన యువకులు తలంచుట సహజము. ఆ సంబంధమెట్టిదో, అది యెచ్చట తెగినదో విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ఋగ్వేదమునందే చక్రాంగములకు వేర్వేరు పేరులు గలవు. నడుమ నుండునది నాభి, దానినుండి వెలువడునవి అరములు, చుట్టునుండునది నేమి, నేమిపై తొడిగిన కట్టు పవి, చక్రము దిరుగుట కాధారమైనది అక్షము. మన పల్లెలలో అరములు ఆకులైనవి, అక్షము ఇరుసైనది. నేటి కారుచక్రమునకును ఈ యంగములే కలవు. అంగములు మారలేదు, ద్రవ్యము మారినది. ద్రవ్యముతో పాటు పనివాడును మారెను.

పూర్వము కమ్మరి తన యినుపకట్టును చక్రపు చుట్టుకొలతకంటె కొంచెము తక్కువగా నతికెడివాడు. పిడకల మంటలో కాల్చగా నది సాగును. ఎఱ్ఱగా నున్నపుడే నేమిపై దిగవేసి నీరు చల్లగా ముడుచుకొని, ఆకులను నాభిలోనికి బిగించును. మేకు లేకయే కొయ్యంతయు నేకమగును. ఈ కట్టునకు మెత్తని యినుము వలయును. ఖడ్గమునకు తగిన కఠినపు టుక్కు దీనికి పనికిరాదు. ఆ యుక్కునకును మన ప్రాంతమే ప్రసిద్ధి. బాల్కొండకు అనతిదూరమున నున్న కోనసముద్రమున మూసలలో కరగిన యుక్కును పారసీక వర్తకులు కొనిపోవుచుండిరని హెన్రీ వాయిసీ వ్రాసిన వృత్తాంతము 1832లో ముద్రితమైనది. ఏ పనికి ఏ లోహము తగునో యెఱిగిన జనము మనది.

ఇక మోటారు సంగతి. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రముల బండికి సైకిలు రీతిని ఉక్కుతీగల ఆకులును, గట్టి రబ్బరు కట్టును ఉండెను. కొయ్య ఆకు బరువును నిలిచి మోయును. తీగ ఆకు బిగువుతో మోయును. 1888లో బెల్‌ఫాస్టు నగరమునందలి పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ గాలిటైరునకు పేటెంటు పొందెను. 1895లో పారిస్–బోర్డో పందెమున మిషెలిన్ సోదరులు గాలిటైర్లపై కారు నడిపిరి. అయినను కొయ్య వెంటనే తొలగలేదు. 1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు టీ రకపు కార్లలో అధికభాగము కొయ్య ఆకుల చక్రములపైననే నడచినవి. అనగా మోటారు పుట్టిన నలువది యేండ్ల వరకును వడ్రంగివాని చక్రమే దానిని మోసినది! పిదప అచ్చులో నొత్తిన యుక్కురేకు చక్రములు వ్యాపించెను. 1924లోనే బుగాటి పందెపు కారునకు అల్యూమినియపు పోతచక్రములు వచ్చినవి. 1946లో మిషెలిన్ వారు రేడియల్ టైరునకు పేటెంటు పొందిరి.

హైదరాబాదు రాజ్యమున 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖ నారంభించిరి. 1937లో బోధనులో నిజాము చక్కెర కర్మాగారము వెలసినది. చెఱకుబండ్ల కొయ్యచక్రములకు మన చేతులలో పని యుండెను. తరువాత టైరుబండ్లు, ట్రాక్టరులు వచ్చినవి. ఆ కర్మాగారమును 2015లో మూతపడినది.

సంబంధము తెగినది చక్రము మాఱినప్పుడు గాదు, మరమ్మతు మాఱినప్పుడు. కొయ్యచక్రమున ఆకు విరిగిన వడ్రంగి క్రొత్తది దిగవేసెడివాడు. కట్టు వదులైన కమ్మరి మరల కాల్చెడివాడు. అందులకే రైతు కళ్లమున మన రెండిండ్లకును గింజలు కొలిచెడివాడు. టైరు అరిగిన పారవేసి, అంగడిలో వేఱొకటి కొనవలయును. ఊరి నైపుణ్యము తగ్గలేదు. ఊరికి దాని యవసరము తగ్గినది. దానితో కళ్లపు గింజయు పోయినది.

కోనసముద్రపు కొలుముల చరిత్ర మనకు హెచ్చరిక. అచ్చటి పనివారు తమ విద్యను వ్రాసి యుంచలేదు. 2010లో బెంగుళూరు, ఎక్సిటరు విద్వాంసులు ఉత్తర తెలంగాణ గ్రామములలో చిట్టెపు దిబ్బలను వెదకి, ఆ విద్య జాడలను తెలిసికొన వలసివచ్చెను. బండిచక్రమునకు అట్టి గతి పట్టరాదు. చక్రము కట్టిన వృద్ధులు కొందఱింకను జీవించియున్నారు. కావున సోదరులారా, ప్రతి గ్రామమునుండియు చక్రపు కొలతలు, వాడిన కొయ్యల పేరులు, అంగముల పేరులు వ్రాయించి సంఘమున భద్రపఱుపుడు. పిల్లలను లోహవిద్యకును, యంత్రవిద్యకును పంపుడు. వేడికి సాగి చలువకు ముడుచుకొను లోహధర్మము నేటి కార్ఖానాలలోను మారలేదు. అది మన పెద్దలు పిడకల మంటయొద్ద నేర్చిన పాఠమే. ఆ పాఠము మన బిడ్డలకు పరాయిది గాకుండుగాక!