నురుగు కప్పు

గిడ్డంగికో, కర్మాగారమునకో, పెద్ద కార్యాలయమునకో కప్పు కారనారంభించినచో యజమాని యెదుట రెండు మార్గము లుండును. పాత కప్పును పెకలించి కొత్తది వేయవచ్చును. లేదా దానిమీదనే మరియొక పొర పరువవచ్చును. ఈ రెండవ మార్గమున అమెరికాలో విశేషముగా వ్యాప్తి నొందినది పిచికారీ నురుగు. అది ఏ కట్టడమునకు తగునో, దేనికి తగదో దాని చరిత్రయే తెలుపుచున్నది.

1937లో జర్మనీయందలి లెవర్కూజెన్ పట్టణమున ఒట్టో బేయర్ అను రసాయన శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును పాలీయురెథేన్‌ను కనుగొనిరి. కొంచెము తేమ తగిలినచో ఆ పదార్థము బుడగలుగా పొంగెడిది. మొదట దానిని లోపముగా నెంచి, తూట్లు పడిన జున్నుగడ్డతో పోల్చి పరిహసించినవారు కలరు. ఆ బుడగలే పిదప దానికి ప్రతిష్ఠ తెచ్చినవి! వానిలో చిక్కిన వాయువు వేడిని సులభముగా దాటనీయదు.

పని విధానము చూడ ముచ్చటగా నుండును. రెండు ద్రవములను వేడిచేసి, వేర్వేరు గొట్టములలో తెచ్చి, పిచికారీ కొనయందు కలిపి చిమ్ముదురు. క్షణములలో అది 20 నుండి 30 రెట్లు పొంగి గట్టిపడును. అతుకులు లేవు, బరువు స్వల్పము. ఇన్ని గుణములకును సూర్యుడొక్కడే శత్రువు. ఎండ సోకిన నురుగు రంగు మారి పొడియై రాలును. కావున పైన సిలికోన్ వంటి పూత వేసి, పది పదిహేనేండ్ల కొకమారు దానిని పునరుద్ధరింపవలెను. తేమగల కప్పుమీద చిమ్మినవారు చేతులు కాల్చుకొనిరి. గాలి వీచునపుడు తుంపరలు పొరుగువారి కారులపై బడి అంటుకొనుటయు కలదు.

టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయమువారు 1980-84 మధ్య నురుగు పరచిన 27 కట్టడములను పరిశీలింపగా, సగటున నాలుగున్నర సంవత్సరములలో విద్యుత్తు మొదలగువాని ఆదాయే కప్పు ఖర్చును తీర్చినదని తేలినది. అయితే అచట ఎండ తీవ్రము. శీతల యంత్రములు ఎడతెగక నడచును. చల్లబరచు యంత్రమే లేని గిడ్డంగికి ఈ లెక్కను చూపి అమ్మజూచువానిని నమ్మరాదు.

న్యూ ఆర్లియన్స్ నగరమున 1975లో తెరచిన సూపర్‌డోమ్ క్రీడాభవనపు కప్పు సుమారు 9.7 ఎకరముల విస్తీర్ణము గలది. 2005 ఆగస్టు 29న కత్రినా తుపానునకు దాని జలనిరోధక పొర పెచ్చులు పెచ్చులుగా లేచిపోయెను. క్రింద వేలకొలది శరణార్థులుండగా వర్షము లోపల కురిసెను. అంతటి అనుభవము పిమ్మటను అచటివారు మరల నురుగునే ఎన్నుకొనిరి. కాని ముందుగా దెబ్బతిన్న లోహపు పలకలను మార్చిరి, పిదపనే చిమ్మిరి. 2006 సెప్టెంబరు 25న భవనము మరల తెరువబడెను.

నా దృష్టిలో ఇందలి కీలకము ఆ వరుసయందే యున్నది. పాత కప్పును అక్కడక్కడ కోసి చూడవలెను. తడి తగిలిన భాగమును తొలగింపక నురుగు చిమ్మినచో నీరు లోపలనే బందీయై లోహమును తినివేయును. నీరు నిలువ యుండు పల్లములను ముందే సరిచేయవలెను. ఇది మండు పదార్థమగుటచే అగ్నిభద్రతా నిబంధనలను విచారింపవలెను. ఏటేట నిచ్చెన యెక్కి చూచు మనిషి లేని యజమానికి ఇది తగదు. పక్షి పొడిచిన రంధ్రమును ఆ ఏడే పూడ్చినచో ఖర్చు అత్యల్పము. విడిచినచో ఎండయు వానయు అచటినుండియే లోనికి దిగును.