తాడిపత్రి రాళ్ల బడి

తాడిపత్రిలో అనేక ఇండ్లకును, పాఠశాలలకును నల్లని నాపరాళ్లే నేల. ఆ నేలపై కూర్చుండి బాలుడు "శిలలు మూడు విధములు" అని వల్లె వేయుచుండును. ఆ మూడు విధములలో తాను కూర్చున్న రాయి ఏ విధమునకు చెందినదని అడిగినచో మాత్రము తడబడును. అది సున్నపురాయి, నీటి అడుగున పొరపొరగా పేరుకొని గట్టిపడిన అవక్షేపశిల. ఊరి చుట్టునున్న కర్మాగారములలో ఆ రాతినే కోసి, నునుపు చేసి, దూరదేశములకు పంపుచున్నారు. పుస్తకములోని మాటకును కాలి క్రింది రాతికిని నడుమ ఇంత దూరమేల ఏర్పడినది? ఈ రాళ్లను గూర్చిన జ్ఞానము మనకెట్లు లభించినదో చరిత్రను తిరగవేసినచో దీనికి సమాధానము దొరకును.

మన దేశమున భూగర్భ పరిశోధన శాఖ 1851 లో ఏర్పడెను. అందులో 1857 లో విలియం కింగు, 1858 లో రాబర్టు బ్రూస్ ఫుట్ చేరిరి. కింగుకు భూగర్భశాస్త్రము ఇంటి విద్య. అతని తండ్రి ఐర్లండులోని గాల్వే కళాశాలలో ఆచార్యుడు. నియాండర్తాల్ మానవునికి శాస్త్రీయ నామమును 1864 లో ప్రకటించినవాడు ఆయనయే. ఫుట్ 1863 మే నెలలో మద్రాసు దగ్గరి పల్లవరమున ఒక రాతి పనిముట్టును కనుగొనెను. అదే సంవత్సరము సెప్టెంబరులో అత్తిరంపాక్కమున మరికొన్ని దొరకినప్పుడు కింగు అతని వెంట నుండెను. భారతదేశమున పాతరాతియుగపు మానవుడు నివసించెనని లోకమునకు తెలిసినది ఈ పర్యటనల వలననే. వారు వెళ్లినది రాళ్ల పటము గీయుటకు. దొరకినది మానవుని పూర్వచరిత్ర. కాలినడకన తిరుగువానికి గల లాభమిదియే. తాను వెదకనిది కూడ అతని కంటబడును.

కడప, కర్నూలు ప్రాంతముల శిలలను గూర్చి కింగు వ్రాసిన గ్రంథము 1872 లో వెలువడెను. సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర నెలవంక ఆకారమున పరచుకొనియున్న ఈ శిలాప్రాంతమును అతడు శ్రేణులుగా విభజించి, ఒక్కొక్క శ్రేణికి అక్కడి యేరు పేరో, ఊరి పేరో పెట్టెను. పాపఘ్ని, చెయ్యేరు, పులివెందుల మున్నగు పేర్లతోపాటు తాడిపత్రి పేరును భూగర్భశాస్త్రములో ఆ విధముగా ప్రవేశించినది. నేటికిని ప్రపంచములో ఏ విశ్వవిద్యాలయమున భారతదేశపు ప్రాచీన శిలలను గూర్చి చదివినను తాడిపత్రి పేరు వినబడును.

అతడీ విభజన ఎట్లు చేసెను? అతని పద్ధతి నేటి విద్యార్థికిని సాధ్యమైనదే. ఈ ప్రాంతపు పడమటి అంచున పొరలు తూర్పు, ఈశాన్య దిక్కులకు కొంచెముగా వాలియున్నవి. కావున అనంతపురము వైపునుండి తూర్పునకు నడచువాడు ముసలి రాళ్లనుండి పిన్నవయస్సు రాళ్ల వైపునకు నడచుచున్నాడన్నమాట. మొదట గ్రానైటు. తరువాత గుల్చెరు క్వార్ట్‌జైటు, వేంపల్లె సున్నపురాయి, పులివెందుల క్వార్ట్‌జైటు. ఆ పైని తాడిపత్రి షేలు, అనగా పొరలు పొరలుగా విడిపోవు మట్టిరాయి. దానిమీద గండికోట క్వార్ట్‌జైటు. పెన్న దానిని నిలువున కోసి గండి చేసినది. ఆ తరువాతివే కర్నూలు శ్రేణికి చెందిన నాపరాళ్లు. తాడిపత్రి షేలు, దానిలోనికి చొచ్చిన నల్లరాళ్లు సుమారు 190 కోట్ల సంవత్సరముల నాటివని నేటి కొలతలు తెలుపుచున్నవి. ఆనాడు భూమిపై చెట్టు లేదు, చేప లేదు. నిస్సారమైన నీటిలో సూక్ష్మజీవులు మాత్రము పొరలుగా పెరిగి, స్ట్రొమటొలైటులను గుండ్రని గుర్తులను రాతిలో విడిచినవి. ఉల్లిపాయను అడ్డముగా కోసినట్లుండు ఆ గుర్తులను వేంపల్లె, తాడిపత్రి శిలలలో చూడవచ్చును.

కంటితో చూచుటకును చదివి నమ్ముటకును ఎంత భేదమున్నదో చెప్పుటకు స్కాట్లండునందు జరిగిన ఒక ఉదంతము చాలును. 1788 లో జేమ్స్ హట్టన్ తన మిత్రులైన ప్లేఫెయిర్, హాల్ అనువారిని పడవలో సిక్కార్ పాయింటు అను చోటికి కొనిపోయెను. అచ్చట నిటారుగా నిలిచిన పాత పొరలపై కొత్త పొరలు పరచినట్లుండెను. పాత రాళ్లు ఏర్పడి, వంగి, అరిగిపోయిన తరువాత గాని పైవి ఏర్పడియుండవు. అందుకు పట్టిన కాలమెంతయో ఊహించి ప్లేఫెయిర్ విస్మయము చెందెను. ఇట్టి దృశ్యమునకు మనము స్కాట్లండు పోనక్కరలేదు. తిరుమల కొండ దారిలో గ్రానైటుపై క్వార్ట్‌జైటు పొరలు కూర్చున్న చోటును జాతీయ భూగర్భ స్మారకముగా గుర్తించినారు. లక్షలమంది యాత్రికులు దాని ప్రక్కనుండియే పోవుచున్నారు. ఆగి చూచువారు అరుదు.

మరల మన ప్రాంతమునకు వత్తము. 1884 లో ఫుట్ కర్నూలు మండలపు గుహలను పరిశీలించెను. బేతంచెర్ల వద్దనున్న బిల్లసర్గము గుహలలో తవ్వకపు పనిని అతని కుమారుడైన హెన్రీ ఫుట్ నడిపెను. అతడు ఫిరంగిదళములో సైనికోద్యోగి. తండ్రి వెంట నుండి ఈ పని నేర్చినవాడు. అక్కడ దొరకిన ఎముకలను లైడెక్కర్ అను పండితుడు పరీక్షించి, వానిలో ఖడ్గమృగపు ఎముకలు కూడ ఉన్నవని తెలిపెను. ఈనాడు తుమ్మ, బలుసు తప్ప కానరాని ఈ నేలపై ఒకప్పుడు ఖడ్గమృగములు మేసినవన్నమాట!

ఆ కాలముననే ఫుట్ తాడిపత్రికి సుమారు 30 కిలోమీటర్ల దూరమునగల బెలుము గుహను గూర్చియు వ్రాసెను. కాని తరువాత దాదాపు నూరేండ్లు దానిని పట్టించుకొన్నవారు లేరు. అది చెత్త వేయు గోతిగా మారెను. 1982, 1983 సంవత్సరములలో డేనియల్ గెబావర్ నాయకత్వమున జర్మను పరిశోధకులు లోపలికి దిగి కొలతలు తీసిరి. 2002 లో గుహను ప్రజల దర్శనార్థము తెరచిరి. సున్నపురాతిని నీరు కరగించి తొలిచిన ఈ సొరంగముల పొడవు 3,229 మీటర్లు. కొలనుతాడు పట్టి లోపలికి దిగువారు లేకున్నచో అది నేటికిని చెత్తగుంటగానే మిగిలియుండెడిది.

తెలుగు విద్యార్థులు ఇట్టి విద్యకు దూరముగా నుండిరని అనరాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య మహాదేవన్ భూగర్భశాస్త్రశాఖకు అధిపతిగా నున్నప్పుడు, 1952 లో అమెరికానుండి లాఫాండ్ అను సముద్రశాస్త్రజ్ఞుడు వచ్చెను. వారి శిష్యులు నౌకాదళపు ఓడలలో బంగాళాఖాతము మీదికి పోయి, నీటి వేడిమిని, ఉప్పదనమును కొలిచి, అడుగు మట్టిని పైకి తీసిరి. మన దేశమున సముద్రశాస్త్రపు తొలి పాఠములు కొన్ని ఆ ఓడల మీదనే జరిగినవి. 1969 లో గాంధీజీ శతజయంతి సందర్భమున జాతీయ సేవా పథకము 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ఆరంభమయ్యెను. చెరువు పూడిక తీయుట, చెట్లు నాటుట వంటి పనులు దానితో కళాశాలలలోనికి వచ్చినవి.

అయితే తాడిపత్రి వంటి చోట ఇవన్నియు వినోదముకొరకు కాదు. అనంతపురము ప్రాంతమున సంవత్సరమునకు కురియు వర్షము సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ఇచ్చటి రైతు బ్రతుకు బోరుబావి మీద ఆధారపడియున్నది. ఒకమారు నా విద్యార్థి యొకడు ఇట్లడిగెను: "అయ్యా! మా చేనిలో మూడు బోర్లు వేసినాము. మూడును ఎండినవి. గట్టు అవతల మా పెదనాన్నగారి చేనిలో నీరున్నది. మాకేల లేదు?" పాఠ్యపుస్తకములో దీనికి సమాధానము లేదు. మేము పది మందిమి ఆ చేనికి పోతిమి. అది గ్రానైటు నేల. రెండు చేలకు నడుమ నల్లని గుండ్ల వరుస యొకటి పోవుచున్నది. అది గ్రానైటును చీల్చుకొని వచ్చిన డోలరైటు రాతిగోడ. పల్లమునకు ప్రవహించు భూజలమును అట్టి గోడ అడ్డుకొనవచ్చును. అప్పుడు ఎగువ ప్రక్క నీరు నిలుచును, దిగువ ప్రక్క బోరు ఎండును. ఆ బాలుడు చాలసేపు మాటాడలేదు. మూడు బోర్లకు చేసిన అప్పు ఎంతో వానికి తెలియును. ఆ రాళ్లపై చిన్ననాటినుండి ఎక్కి ఆడుకొన్నవాడే వాడు.

2000 తరువాత మన రాష్ట్రపు కరవు జిల్లాలలో రైతులే వర్షమును, బావినీటి మట్టమును కొలిచి, లెక్క వ్రాసి, దానిని బట్టి పంట నిర్ణయించుకొను ప్రయత్నమొకటి జరిగినది. అందు అనంతపురము జిల్లాయు కలదు. పట్టాలు లేని రైతులు కొలువగలిగినది మన విద్యార్థులు కొలువలేరా? ఖరీదైన పరికరములు అక్కరలేదు. బావి లోతు చూచుటకు గుర్తులు వేసిన త్రాడు, వాన కొలుచుటకు నిలువు గోడల డబ్బా, ఒక నోటు పుస్తకము చాలును. సున్నపురాతిపై ఉపాధ్యాయుడు సజల హైడ్రోక్లోరికామ్లము ఒక చుక్క వేసినచో బుడగలు లేచును. వేంపల్లె రాయి డోలమైటు జాతిది కనుక పొడి చేసిన గాని బాగుగా పొంగదు. ఈ చిన్న భేదమును స్వయముగా చూచినవాడు దానిని ఎన్నడును మరువడు.

రెండు జాగ్రత్తలు చెప్పవలెను. పులివెందుల ప్రాంతపు పాత గనుల వద్ద రాతినార కలదు. దాని దుమ్ము ఊపిరితిత్తులకు హానికరము, కనుక పిల్లలను అచ్చటికి కొనిపోరాదు. స్ట్రొమటొలైటుల వద్ద సుత్తెను సంచిలోనే ఉంచవలెను. 190 కోట్ల సంవత్సరములు నిలిచినదానిని ఒక్క దెబ్బతో పోగొట్టుకొనరాదు. బొమ్మ గీచికొన్న చాలును.

కింగు నడచిన దారి నేటికిని ఉన్నది. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడిలో నీరు ఊరుచుండుటను భక్తితో చూచు విద్యార్థి, ఆ నీరు ఏ పొరల నుండి వచ్చుచున్నదని కూడ అడుగవచ్చును. ఆ ప్రశ్న అడిగిన నాడు వానికి చదువు మొదలైనట్లే. ఉపాధ్యాయులు నెలకొకనాడైనను గది తలుపు తెరచి పిల్లలను వెలుపలికి నడిపింతురు గాక. అంతవరకును, కనీసము వారు కూర్చున్న నాపరాతిని ఒకమారు తేరిపార చూడుమని చెప్పుదురు గాక.