అద్దం పట్టుకున్న చెయ్యి

న్యూటన్ గమన నియమాలు మూడూ నేను తెలుగు మీడియంలోనే చదువుకున్నాను. బలం, త్వరణం, ద్రవ్యవేగం, గతిశక్తి... ఈ మాటల్ని ఎవరో కూర్చుని, వెతికి, నచ్చక కొట్టేసి, మళ్లీ రాసి ఉంటారన్న ఆలోచనే అప్పుడు రాలేదు. న్యూటన్ తెలుగులోనే మాట్లాడినట్టు బట్టీ పట్టాం. తర్వాత సైన్సు వదిలి సాహిత్యంలోకి వచ్చాను. అనువాదాల మీద పరిశోధన చేస్తూ చేస్తూ మళ్లీ న్యూటన్ దగ్గరికే చేరాను. ఈసారి ఆయన కోసం కాదు, ఆయన్ని ఫ్రెంచిలోకి తెచ్చిన మనిషి కోసం.

ఆమె పేరు ఎమిలీ ద్యు షాత్లె. 1687లో లాటిన్‌లో వచ్చిన 'ప్రిన్సిపియా'ను చదవాలంటే లాటిన్ వస్తే చాలదు, అందులోని జ్యామితిని కూడా ఛేదించాలి. ఆ పని చేసి ఆమె ఇచ్చిన అనువాదమే ఇవాళ్టికీ ఫ్రెంచిలో ప్రామాణికం. అయినా ఆమె ఎవరని అడిగితే ముందు వచ్చే జవాబు 'వోల్టేర్ ప్రియురాలు' అనే.

1706లో పారిస్‌లో పుట్టింది. 1725లో పెళ్లి, తర్వాత ముగ్గురు పిల్లలు. ఇరవయ్యేళ్లు దాటాక గణితం మళ్లీ పట్టుకుంది. మోపెర్త్యుయి, క్లెరో లాంటి వాళ్ల దగ్గర పాఠాలు చెప్పించుకుంది. డబ్బున్న దొరల ఇంటి మనిషి కాబట్టి చెప్పించుకోగలిగింది. ఆమె లెక్కలు చేసుకుంటుంటే వంట చేసినవాళ్లు, పిల్లల్ని చూసినవాళ్లు, బట్టలు ఉతికినవాళ్లు ఎవరో నేను చదివిన పుస్తకాల్లో కనపడరు. ఇది కూడా చెప్పుకోకుండా ముందుకి వెళ్లలేం. అంత సంపద ఉన్నా సైన్సు అకాడమీ గుమ్మం మాత్రం ఆమెకి తెరుచుకోలేదు. 1666లో పెట్టిన ఆ సంస్థ ఒక స్త్రీని పూర్తి సభ్యురాలిగా ఎన్నుకున్నది 1979లో!

ఆ అకాడమీయే ఒకసారి అగ్ని స్వభావం మీద వ్యాసాల పోటీ పెట్టింది. వోల్టేర్ రాస్తున్నాడు. అతని నిర్ధారణలు ఆమెకి నచ్చలేదు. అతనికి తెలియకుండా రాత్రిళ్లు కూర్చుని తన వ్యాసం రాసి పంపింది. బహుమతి ఇద్దరికీ రాలేదు కానీ ఇద్దరి వ్యాసాలూ అచ్చయ్యాయి.

1738లో వోల్టేర్ న్యూటన్ సిద్ధాంతాల్ని పరిచయం చేస్తూ పుస్తకం వేశాడు. అందులో ఆమె శ్రమ ఎంతో ఉంది. అట్ట మీద పేరు అతనిదే, పుస్తకం అంకితం ఆమెకి. మొదటి పేజీ బొమ్మలో వోల్టేర్ బల్ల ముందు కూర్చుని రాసుకుంటుంటాడు. పైన మబ్బుల్లో న్యూటన్. ఆయన వైపునుంచి వచ్చే వెలుగు ఒక స్త్రీ చేతిలోని అద్దం మీద పడి వోల్టేర్ కాగితం మీదికి దిగుతుంది. అద్దం పట్టుకున్నది ఎమిలీ. చేతిలో కలం లేదు.

ఆ బొమ్మ చూసినప్పుడు నాకు నా సంగతే గుర్తొచ్చింది. పరిశోధన రోజుల్లో ఒక సంకలనానికి మూడు వ్యాసాలు తెలుగు చేసిచ్చాను. పుస్తకం వచ్చాక చూస్తే నా పేరు కృతజ్ఞతల్లో, టైపు చేసినవారి పేరు తర్వాత ఉంది. అడిగితే "అనువాదమే కదమ్మా" అన్నారు. నేను ఇంకేం మాట్లాడకుండా వచ్చేశాను. ఎందుకు మాట్లాడలేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఎమిలీ మాట్లాడింది. 1740లో కొడుకు కోసమని భౌతికశాస్త్ర పాఠాలు రాసి అచ్చు వేయించింది. అవి తాను చెప్పిన పాఠాలేనని ఆమెకి చదువు చెప్పిన కోనిగ్ ప్రచారం చేశాడు. ఆ పుస్తకం చివర్లో ఆమె ఒక పాత తగువులోకి దిగింది. కదిలే వస్తువు 'బలం' ఎలా కొలవాలి? ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే చాలని డెకార్ట్, న్యూటన్‌ల వైపువాళ్లు. వేగాన్ని వర్గం చేసి గుణించాలని లైబ్నిజ్ వైపువాళ్లు. 1722లో గ్రావెసాండె అనే డచ్చి పండితుడు ఇత్తడి బంతుల్ని మెత్తటి బంకమట్టిలో పడేసి చూశాడు. ఎత్తు నాలుగింతలు చేస్తే బంతి వేగం రెండింతలే అవుతుంది. మట్టిలో గుంట మాత్రం నాలుగింతలు పడింది. స్కూటీ నడిపేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ముప్ఫైలో వెళ్తున్నప్పటికన్నా అరవైలో బ్రేకు వేస్తే బండి ఆగడానికి నాలుగు రెట్ల దూరం కావాలి. ఇవాళ రెండు కొలతలూ ఒప్పుకుంటాం. బలం ఎంతసేపు పనిచేసిందో ద్రవ్యవేగం చెబుతుంది, ఎంత దూరం పనిచేసిందో గతిశక్తి చెబుతుంది. మా పాఠంలో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉండేవి. వాటి వెనక ఇంత కొట్లాట ఉందని మాకెవరూ చెప్పలేదు.

ఎమిలీ గుంటల వైపు నిలబడింది. అకాడమీ కార్యదర్శి మెరాన్ 1741లో ఆమెకి తప్పులు చూపుతూ బహిరంగ లేఖ అచ్చు వేశాడు. కొద్ది వారాల్లోనే ఆమె జవాబు కూడా అచ్చులో వచ్చింది. వోల్టేర్ ఈ విషయంలో మెరాన్ పక్షం!

'ప్రిన్సిపియా' పని తర్వాత మొదలైంది. అనువాదంతో ఆగకుండా న్యూటన్ జ్యామితి నిరూపణల్ని కలన గణితంలోకి మార్చి వ్యాఖ్యానం రాసింది. 1749లో నలభై రెండేళ్ల వయసులో మళ్లీ గర్భం. ఆ వయసు కాన్పంటే ఏమిటో ఆమెకి తెలుసు. ఆ నెలల్లో తెల్లవారుజాము ఐదింటిదాకా పనిచేస్తున్నానని ఉత్తరంలో రాసింది. కాన్పు దగ్గర పడగానే రాతప్రతిని రాజుగారి గ్రంథాలయానికి పంపించింది. సెప్టెంబర్ 4న కూతురు పుట్టింది. 10న ఆమె చనిపోయింది. ఆ పాప కూడా ఎక్కువకాలం బతకలేదు.

పూర్తి అనువాదం పదేళ్ల తర్వాత, 1759లో వెలువడింది. హేలీ తోకచుక్క తిరిగొచ్చిన ఏడాది అది. గురు, శని గ్రహాలు దాన్ని ఎంత వెనక్కి లాగుతాయో న్యూటన్ సూత్రాలతో క్లెరో, లలాండ్‌లతో కలిసి నెలల తరబడి లెక్క కట్టింది నికోల్ రేన్ లెపోత్ అనే మరో స్త్రీ. మార్చి 13న తోకచుక్క సూర్యుడికి అతి దగ్గరగా వచ్చింది. వాళ్లు చెప్పిన తేదీకి నెల తేడా. ఆమె లేకపోతే ఆ పని చేయగలిగేవాళ్లమే కాదన్నాడు లలాండ్. క్లెరో మాత్రం 1760లో వేసిన పుస్తకంలో ఆమె పేరు తీసేశాడు. ఎమిలీ వ్యాఖ్యానాన్ని సరిచూసిపెట్టిన క్లెరోనే ఇతను.

ఎమిలీ పేరు మాత్రం 1759 పుస్తకం మొదటి పేజీలో ఉంది. ఆ పేరుకి ముందు ఒక చిన్న ఫ్రెంచి మాట ఉంటుంది, 'ఫ్యూ' అని. కీర్తిశేషురాలు అని తెలుగు చేసుకున్నాను.