గోనెపట్టా, నీళ్ళ కొళాయి, హాజరుపట్టీ

పంతుళ్ళతో మాట్లాడితే చాలామంది ఒకటే మాటంటారు: "మా క్లాసులో కులం లేదండీ, అందరూ పిల్లలే." అబద్ధమాడుతున్నారని మేం అనం. వాళ్ళకి కులం కనపడటం లేదు, అంతే. ఎందుకు కనపడదో తెలియాలంటే బడి చరిత్రలోకి పోవాలి.

1856 జూన్‌లో ధార్వాడ సర్కారు బడిలో చేర్చుకోమని ఒక మహర్ కుర్రాడు అర్జీ పెట్టుకున్నాడు. బొంబాయి ప్రభుత్వం కాదంది. ఒక్కడి కోసం బలవంతం చేస్తే మిగతావాళ్ళకి బడే పనికిరాకుండా పోతుందట! సర్కారు సొమ్ముతో నడిచే బడి అన్ని కులాలకూ తెరిచే ఉండాలని 1858లో లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు తేల్చారు. కాగితం మీద తలుపు తెరుచుకుంది. లోపల ఎక్కడ కూర్చోవాలో ఆ కాగితం చెప్పలేదు.

అది బడే చెప్పింది. సతారాలో చిన్నారి అంబేద్కర్ ఒక మూల గోనెపట్టా మీద విడిగా కూర్చునేవాడు. బడి ఊడ్చే నౌకరు ఆ పట్టా ముట్టడు. సాయంత్రం ఇంటికి మోసుకుపోయి పొద్దున మళ్ళీ తెచ్చుకోవాలి. దాహమేస్తే కొళాయి తిప్పకూడదు. పంతులు సెలవివ్వాలి, ప్యూను వచ్చి తిప్పాలి. ప్యూను లేకపోతే నీళ్ళూ లేవు. ఆ పంతుళ్ళు రాక్షసులేం కారు. రోజూ జరిగేదాన్ని జరగనిచ్చారు. మాకు భయం వేసేది ఇక్కడే.

తర్వాత బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో లెక్క చేయమని ఒక పంతులు ఆయన్ని బోర్డు దగ్గరికి పిలిచాడు. పిల్లలు గోలగా లేచి బోర్డు వెనక పెట్టుకున్న టిఫిను డబ్బాలు లాక్కున్నారు. పిలిచినాయనది మంచి మనసే. కానీ బోర్డు వెనక ఏముందో ఆయనకి తెలీదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజారులో బడి పెట్టారు. మన పిల్లలకి వేరే బడెందుకని ఇప్పటికీ అడిగేవాళ్ళకి ఈ డబ్బాల కథ చెబుతాం.

ఇవాళ గోనెపట్టా లేదు, హాజరుపట్టీ ఉంది. స్కాలర్‌షిప్పు ఫారాలొచ్చిన రోజు "ఎస్సీలంతా లేచి నిలబడండ్రా" అంటే నిలబడ్డవాళ్ళం మాలోనే ఉన్నాం. లెక్క తప్పితే పక్కవాడిది పరాకు, మాది కులం: "మీకెక్కడొస్తుందిరా!" వాడ మాట నోట్లోంచి వస్తే క్లాసంతా నవ్వేది, పంతులు కూడా.

మాష్టారూ, ఒక్క వారం రాసి చూడండి. మీకు మంచినీళ్ళు ఎవరు తెచ్చారు, చీపురు ఎవరి చేతికిచ్చారు, ప్రశ్న ఎవర్నడిగారు, జవాబు కోసం ఎవరి దగ్గర ఎంతసేపు ఆగారు. ఆ కాగితాన్ని హాజరుపట్టీ పక్కన పెట్టుకుని పేర్లు కలపండి.